ఏ పేట?

మొదటిసారి బట్టీకి వెళ్ళిన రోజు
లిలి నా చున్నీ లాగి "పాణి" అంది.
నాకు పని అని వినపడింది.
పిల్లలు పని చెయ్యకూడదని
నంబూరు అవతల, ఎర్రటి ఎండలో,
పచ్చి ఇటుకల వరస పక్కన నిలబడి
పావుగంట చెప్పాను.
తొమ్మిదేళ్ళ పిల్ల ఓపిగ్గా విన్నది.
విని, నా సంచిలోంచి నీళ్ళ సీసా తనే తీసుకుని
గటగటా తాగేసింది.

అలా మొదలైంది నా సేవ.
ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, రెండో ఏడు.
నూట ఇరవై గంటలు నిండాలి,
ప్రతి గంటకీ ఒక సంతకం.
అ ఆలు నేర్పుతున్నట్టు రిజిస్టర్లో ఉంటుంది.
నిజానికి లిలి బొగ్గుబూడిదలో పుల్లతో గీసి
నాకు ఒడియా నేర్పింది.
ఊళ్ళో రెండో తరగతి దాకా వెళ్ళిందట.
మన అక్షరాలకి తలకట్టయితే
వాళ్ళ అక్షరాలకి గొడుగు.
ఆ గొడుగు కింద ఏ అక్షరం నిలబడిందో
నాకిప్పటికీ తికమకే.

బుధవారం, గుంటూరు పెద్దాసుపత్రి.
ఓపీ చీటీల వరసలో లిలి వాళ్ళమ్మ సుకాంతి.
ఆధార్ జిరాక్సు తియ్యడానికి నేను బయటికెళ్ళి
వచ్చేలోపు ఆమె వంతు వచ్చేసింది.
భర్త పేరు టంకధర్ అంటే
ఎట్లా రాయాలో తెలీక డంకా అని కొట్టారు.
ఏమైందమ్మా?
"పేట" అంది.
చెయ్యి పొట్ట మీద పెట్టుకునే అంది.
కౌంటరు అద్దంలోంచి ఛాతీ వరకే కనపడుతుంది మనిషి.
ఏ పేట?
"పేట... పేట కాటుచి."
అదేనమ్మా, ఏ పేట?
బ్రాడీపేటా? అరండల్‌పేటా? కొత్తపేటా?
కాటూరిపేట అంటోందేమో, అన్నారు వెనకనించి ఎవరో.
అట్లాంటిది లేదులే, అన్నారు ఇంకొకరు.
వరస వరసంతా ఆమెకో ఇల్లు వెతుకుతోంది.
నేను పరిగెత్తుకొచ్చి
"పొట్టండీ, పేటంటే పొట్ట, పొట్టలో నొప్పి" అన్నాను.
గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
చెడ్డవాడు కాదు.
పొద్దుట్నించీ ఆ కన్నంలోంచి
ఎన్ని వందల నోళ్ళు చూశాడో.

లోపల డాక్టరు, నాకన్నా రెండేళ్ళు పెద్దేమో.
ఎన్నాళ్ళనించి?
కేతే దిన, అన్నాను, కూడబలుక్కుని.
"తిని మాస."
ఏం తినిందట?
తినడం కాదు సార్. తిని అంటే మూడు.
మూడు నెలలు.
పెన్ను ఆగింది.
ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో అడగండి, అన్నాడు.
అంత పెద్ద ప్రశ్న
లిలి నాకింకా నేర్పలేదు.
ఆమె వైపు తిరిగి
"అడ్వాన్సు?" అన్నాను.
ఆమె తలూపింది.
ఆ ఒక్క మాటకీ తర్జుమా అక్కర్లేకపోయింది.

మా నాయనమ్మ కూడా ఒకసారి
వినుకొండనించి ఈ కౌంటరుకే వచ్చింది.
ఆమెకి తెలుగు తప్ప మరోటి రాదు.
గుండెలో ఉడత ఎగురుతోందయ్యా, అందట.
సరిగ్గా చెప్పమ్మా, అన్నారట.
అంతకన్నా సరిగ్గా చెప్పడం తెలీక
మళ్ళీ బస్సెక్కేసింది.
ఈ సంగతి సుకాంతికి చెబుదామనిపించింది.
ఉడతని ఒడియాలో ఏమంటారో?

స్కానింగు రేపు రమ్మన్నారు.
రేపంటే ఇంకో రోజు కూలి.
వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే నంబూరు బస్సెక్కింది.
కిటికీలోంచి ఏదో అంది.
బస్సు మోతలో ఆ మాట పోయింది,
లిలిని అడగాలి.

చీకటిపడ్డాక ఆటో ఆపితే
"ఏ పేటమ్మా?" అన్నాడు.
నా చెయ్యి పొట్ట మీదికి పోయింది.
పొద్దున రెండిడ్లీ, అంతే.
"అరండల్‌పేట" అన్నాను,
కొంచెం ఆలస్యంగా.